బొరామ్ తప్పు

“ఎవర్నడిగి నొక్కావ్?” అన్నాడు కమాండర్ ప్యో.

లెఫ్టినెంట్ బొరామ్ తల వంచుకుని నిలబడింది. రాడార్ కేంద్రం గోడమీది పెద్ద తెర నిండా సియోల్ నుంచి చూస్తున్న అధికారులే. మధ్యలో అడ్మిరల్ తాక్.

“నిన్నే అడుగుతున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేముందు నా సంతకం కావాలని తెలీదా?”

“తెలుసు సార్.”

“తెలిసే చేశావన్నమాట. పుణ్యం కట్టుకున్నావ్.”

పొద్దున ఎనిమిది నలభైకి యోన్‌ప్యోంగ్ దీవి దగ్గర సముద్ర సరిహద్దును కనిపెట్టుకుని ఉండే రాడార్లన్నీ ఒక్కసారిగా గుడ్డివైపోయాయి. పదకొండు నిమిషాలు. మళ్ళీ చూపు వచ్చేసరికి ఉత్తర కొరియా గస్తీ పడవలు నాలుగు సరిహద్దు గీతకి ఆనుకుని ఉన్నాయి. ముందు మన కళ్ళు పొడిచి, తర్వాత మీదికొస్తున్నారని అడ్మిరల్ లెక్క. పది గంటలకి వాటిమీద కాల్పులు మొదలుపెట్టాల్సిందేనని ఆయన పట్టు. ఆ పడవలకీ మన తుపాకులకీ మధ్య ముప్ఫై ఎనిమిది పీతల పడవలున్నాయి. జూన్ నెల, పీతల కాలం అయిపోవస్తోంది. వెనక్కి రమ్మని రేడియోలో ఎంత మొత్తుకున్నా వలలు వదిలేసి వచ్చే రకం కాదు వాళ్ళు. తుపాకీ ఒకసారి పేలాక అది ఆ నాలుగు పడవలతో ఆగుతుందని ఎవరూ చెప్పలేరు.

అప్పటికే తొమ్మిదిన్నర అయింది.

“ఇది వాళ్ళ పని కాదని నీకేంటంత నమ్మకం?” అన్నాడు అడ్మిరల్.

“ఈ పిల్ల తెలివితేటలే నా నమ్మకం సార్. వాళ్ళ పనే అయితే కాల్చమని ముందు నేనే అడిగేవాణ్ణి. ఇది మా ఇంటి నిర్వాకం.”

తెరలో ఎవరో కిసుక్కుమన్నారు. కేంద్రంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. పదేళ్ళలో ప్యో గొంతు పెంచగా విన్నవాళ్ళు అక్కడ లేరు. బొరామ్ చెవులు ఎర్రబడ్డాయి. చూస్తున్నవాళ్ళకి జాలేసింది.

“మరి ఆ గస్తీ పడవలో?”

“పీతల కాలంలో రోజూ వచ్చేవే సార్.”

అడ్మిరల్ కాసేపు గడ్డం గీరుకున్నాడు. “నోటిమాట చాలదు. కాగితం రాయించు.”

మా దేశంలో తప్పుకి మందు ఆ కాగితమే. ఏం చేశానో, ఎందుకు చేశానో, ఇంకెప్పుడూ చేయనని సొంత చేత్తో రాసి, నడుం వంచి రెండు చేతులా ఇవ్వాలి. ఇచ్చాక తిట్లు తినొచ్చు, ఉద్యోగమూ పోవచ్చు. కానీ ఆ సంగతి ఇంకెవరూ తవ్వరు.

బొరామ్ అక్కడే కూర్చుని రాసింది. పేజీ మొత్తం మీద ఒక్క కొట్టివేత లేదు. ప్యో కింద తన సంతకం కూడా గీకి, కాగితాన్ని తెరకి ఎదురుగా పట్టుకున్నాడు. అడ్మిరల్ కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

“రాత బాగానే ఉంది, బుర్రే లేదు. ప్రమోషన్ జాబితాలోంచి ఈమె పేరు కొట్టెయ్. నీది నేను కొట్టేస్తాను.” పక్కకి తిరిగాడు. “కాల్పులు వద్దని చెప్పండి.”

“అలాగే సార్,” అన్నాడు ప్యో.

తెర ఆరిపోయింది. ప్యో మిగతావాళ్ళందర్నీ కాఫీకి పంపేశాడు. పదకొండింటికి ఆ నాలుగు గస్తీ పడవలూ ఉత్తరానికి మళ్ళాయి. పీతలవాళ్ళలో ఒకడు రేడియో ఆపడం మర్చిపోయి ఏదో పాట అందుకున్నాడు. వినలేనంత ఘోరంగా ఉన్నా ఇద్దరూ రేడియో కట్టేయలేదు.

“ప్రమోషన్ సంగతి ఇంట్లో చెప్పావా?” అన్నాడు ప్యో.

“చెప్పాను సార్. అమ్మ అప్పుడే వీధంతా బియ్యం కేకులు పంచేసింది.”

ప్యోకి ఆమె మొహం చూడ్డానికి సిగ్గేసింది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. తిరిగొచ్చి ఆమె కంప్యూటర్ పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

“ఇప్పుడు చూపించమ్మా, వాళ్ళు మన రాడార్లలోకి ఎక్కణ్ణుంచి చొరబడ్డారు?”