మూగ ట్వీటరు

"మళ్ళీ మూగదే తగలేశావా?" అన్నాడు మేస్త్రీ, పెట్టె పైమూలకు చెవి ఆనించి.

బావమరిది ఒళ్ళో ఉన్న బేస్ గిటారు తీగను బొటనవేలితో ఇంకోసారి కొట్టాడు. "దుకాణంలో పలికించి చూసే తెచ్చాను బావా."

"అక్కడ పలికి, ఇక్కడికొచ్చాక అలిగిందా? ఏం, అత్తారింటికొచ్చిన కొత్తకోడలా?"

బావమరిది నవ్వలేదు. కాస్త తటపటాయించి, "సరే, ఇంకోటి తెస్తా," అన్నాడు.

ఆ తటపటాయింపే మేస్త్రీకి నచ్చలేదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో వాళ్ళిద్దరూ బేస్ గిటారు వాయించేవాళ్ళకు చిన్న స్పీకరు పెట్టెలు చేస్తారు. స్కూటరు మీద కాళ్ళ మధ్య పట్టేంత పెట్టె, హాలు గోడలు అదిరేంత గొంతు. కింద బొంగురు స్వరాలకు పెద్ద స్పీకరు, పైమూలన సన్నటి స్వరాలకు ట్వీటరు. ప్లైవుడ్ కోత, జిగురు, బిగింపు మేస్త్రీవి. వైర్లు, అతుకులు, బజారు పని బావమరిదివి. చివర్లో పెట్టె బాగుందో లేదో తేల్చేది మాత్రం మేస్త్రీ చెవి. బడి మధ్యలో మానేసినవాడికి దేవుడిచ్చిన డిగ్రీ అది. గిరాకీ వచ్చేదే ఆ చెవిని నమ్మి.

మందపు తీగ మోగించి, అతుకుల వెంట అరచెయ్యి నడిపాడు. ఎక్కడా గాలి తగల్లేదు. కోతలో, జిగురులో వంక లేదు. తన పని ఎప్పుడూ ఇంతే. పాడయ్యేదల్లా పక్కవాడి పనే.

ఈమధ్య వచ్చిన ట్వీటర్లన్నీ మూగవే. ఒకటి పాడైతే దుకాణం తప్పు. అన్నీ పాడైతే తెచ్చినవాడి తప్పు. మరి మంచివి ఎక్కడికి పోతున్నట్టు? వీడేమన్నా విడిగా పెట్టెలు కడుతున్నాడా? అక్క వెంట ఈ ఇంటికొచ్చి, ఈ షెడ్డులోనే పని నేర్చుకుని, పెళ్ళాన్ని కూడా ఈ ఇంటి మేడ మీది గదికే తెచ్చుకున్నవాడు. అయినా ఏం? సొంత దుకాణం ఆశ ఎవరినైనా తినేస్తుంది.

చేతులు కడుక్కుందామని వంటింటి వైపు వెళ్ళాడు. పొయ్యి దగ్గర అక్కాతమ్ముళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఉన్నారు. భార్య పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావటం లేదు. ఇతన్ని చూడగానే ఆ కదలడం కూడా ఆగిపోయింది.

"ఏంటా గుసగుసలు?"

ఆమె కూరగిన్నె వైపు తిరిగి ఏదో గొణిగింది.

"ఏమీ లేదు బావా, ఇంటి విషయాలు," అన్నాడు బావమరిది.

"నాది వేరే ఇల్లా?"

మర్నాడు గోడ అవతల నుంచి బావమరిది ఫోను మాటలు వినపడ్డాయి. "బావకు మాత్రం చెప్పకండి. పెట్టె మీకిచ్చేలోపు నేను విప్పి సరిచేసి పెడతా. మీకన్నా ముందిచ్చిన పెట్టెకీ అలాగే చేశాను... నన్ను నమ్మండి."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. అయినా అప్పుడే బయటపడలేదు. బావమరిదిని వార్నిష్ కోసం బజారుకు పంపి, తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న పెట్టె వెనకపలక విప్పాడు. ట్వీటరు వైరుకు సుద్దముక్కంత తెల్లటి రెసిస్టరు అతికించి ఉంది. తను పెట్టమన్నది కాదు. ట్వీటరు పీక నొక్కి గొంతు తగ్గించే ముక్క అది.

బావమరిది వార్నిష్ డబ్బా కింద పెట్టకముందే మొదలుపెట్టాడు. "ఇది పెట్టిందెవడురా?"

"నేనే బావా."

"ఈ ఒక్కదానికేనా?"

"ఈమధ్య ఇచ్చినవాటన్నిటికీ."

"నాకు తెలియకుండా?"

"అవును."

"ఎందుకు?"

బావమరిది గుమ్మంలో నిలబడిన అక్క వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"చెప్పలేను బావా. నీ పని చెడగొట్టాలని మాత్రం కాదు."

"చెప్పలేవులే! బావ పెట్టెలు మూగవని ఊరంతా అనుకోవాలి, నువ్వు ఎదురుగా దుకాణం తెరవాలి. అంతేగా? తిన్న కంచం కడుక్కోవడం కూడా నేర్పాను కదరా నీకు!"

"అంత మాట అనకు బావా."

"మేడ మీది గది ఖాళీ చెయ్. ఈ పూటే."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"ఏడుస్తూ గొణక్కు! తమ్ముణ్ణి వెనకేసుకొస్తే నువ్వూ వాడి వెంటే నడువు."

సాయంత్రానికల్లా బావమరిది, అతని భార్య రెండు ట్రంకు పెట్టెలు, చాపచుట్ట పట్టుకుని మెట్లు దిగారు. వెళ్తూ వెళ్తూ అతను షెడ్డు తలుపు చెక్కను ఒకసారి నిమిరాడు. మేస్త్రీ చూడనట్టే ఊరుకున్నాడు. మీ నాటకాలు నా దగ్గరా!

ఈసారి తనే బజారుకెళ్ళి, ఉన్నవాటిల్లో అన్నిటికన్నా గట్టి ట్వీటరు తెచ్చాడు. రెసిస్టరు పీకి పారేసి, వైరు నేరుగా కలిపాడు. బిగింపు పూర్తయ్యేసరికి పెట్టె చేయించుకున్న పొడుగాటి మనిషి రానే వచ్చాడు. మేస్త్రీ అతనికి కొంగ అని పేరు పెట్టాడు.

"మీ బావమరిది లేడా?" అన్నాడు కొంగ, అటూ ఇటూ చూస్తూ.

"పీడ వదిలించుకున్నాను. ఇక నా పెట్టెలో ఎవడి దొంగ చెయ్యీ ఉండదు. వినండి."

మేస్త్రీ గిటారు ఒళ్ళో పెట్టుకుని పెట్టె పక్కనే నేల మీద కూర్చున్నాడు. సౌండు సగానికి పెంచి తీగ కొట్టాడు. బొంగురు స్వరం నేలలోంచి తొడల్లోకి పాకింది. బ్రహ్మాండం. పైమూలకు చెవి ఆనించాడు. ట్వీటరు పలకలేదు. సౌండు చివరిదాకా తిప్పి, కళ్ళు మూసుకుని, బొటనవేలు నొప్పెట్టేలా కొట్టాడు.

"కొత్తది కూడా మూగదే! దుకాణం వాణ్ణి కూడా వాడే కొనేసి ఉంటాడు. మీరైనా చెప్పండి, ఇది మోసం కాదా?"

కళ్ళు తెరిచి కొంగ వైపు, గుమ్మంలో ఉన్న భార్య వైపు చూశాడు.

ఇద్దరూ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నారు.