ఓడ మీది అతుకు

పాత ఫొటోల్లో ఓడలను గుర్తుపట్టడంలో మైలపల్లి పోలమ్మను మించినవాళ్లు విశాఖ రేవులో లేరు. అయినా ఆ రోజు రేవు ఆఫీసులో ఆమె మాట చెల్లలేదు. ఆమె తండ్రి ఎర్రయ్య సరుకు దించుతూ చచ్చిపోయిన ఓడ అసలీ రేవుకే రాలేదని గుమాస్తా తేల్చేశాడు. ఓడే రాకపోతే చావూ లేదు, మృతుల రాతిపలక మీద పేరూ లేదు.

పోలమ్మ ఈ రేవులోనే తీసిన పాత కాగితం ఫొటోను బల్ల మీద కొట్టింది. "సూడు బాబూ! పక్కన గుమ్మడికాయంత అతుకుంది. అలాటి అతుకున్న ఓడ అదొక్కటే."

"అతుకెక్కడుందమ్మా? నున్నగా ఉంది."

పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. గుమాస్తాతో సహా ఊరంతా పెట్టుకు తిరిగే ఆ కొత్తరకం యంత్రపు కళ్లజోళ్లు దేన్ని చూసినా మరకన్నదల్లా తుడిచేసే చూపిస్తాయి. తుప్పూ సొట్టా పోయాక ఓడను దేన్నిబట్టి గుర్తుపడతారు?

"ఆ కళ్లజోడు తియ్యి!"

"తీస్తే తలనొప్పమ్మా."

"మా అయ్య తలే పగిలిపోనాది. నీకు నొప్పే కదేటి!" అంటూ తనే లాగేసింది.

గుమాస్తా కళ్లు చికిలించాడు. అతుకు కనిపించింది. దాని కింద పడవలో పదకొండు మంది కూలీలు నిలబడి ఉన్నారు. ఆ కళ్లజోడుకు ఇందాకటిదాకా వాళ్లూ మరకలే.

"ఇందులో మీ నాన్నెవరమ్మా?"

"ముందు ఓడొచ్చిందని రాయి. మా అయ్యను తరవాత సూపిత్తాను."