ఎనిమిదిమంది పట్టే పడవ

మా కమోలీ రేవులో కెప్టెన్ల మునిమనవళ్లకి కొదవ లేదు. పడవెక్కితే వాంతి చేసుకునేవాడు మాత్రం ఎజీదియో ఒక్కడే. అయినా రెండేళ్లపాటు కిట్టులోని చెక్కముక్కలు అతికించి బొమ్మ ఓడ తయారుచేశాడు. డబ్బా మీద వేరే ఓడ పేరుంటే ఏం, ముత్తాత నడిపిన ఓడ పేరు వెనకవైపు బంగారు రంగుతో రాసేశాడు. ఆదివారం పూజ అయ్యాక ఇరుగుపొరుగుని పిలిచి వైను పోశాడు.

"తుఫానులో మునిగేదాకా మా ముత్తాత ఓడని వదల్లేదు. అందరూ పోయాక ఈదుకుంటూ ఒడ్డు చేరాడు," అన్నాడు, ఈదింది తనే అయినట్టు.

పక్కింటి తెర్సీలా కళ్లద్దాలు సర్దుకుని ఓడ మీదికి వంగింది. అదే ఓడలో వంటవాడు ఆవిడ ముత్తాత. తిరిగి రాలేదు.

"ఓడ పక్కన వేలాడే ఈ చిన్న పడవ ఎంత ముద్దుగా ఉందయ్యా!"

"ఓడ మునిగితే ఎక్కడానికి, పిన్నిగారూ. లోపలి బల్లలు కిట్టులో లేవు, నేనే బ్లేడుతో చెక్కాను. ఎనిమిదిమంది హాయిగా కూర్చోవచ్చు."

"ఎనిమిదిమందా! పాపం, అంత పడవని ఒక్కడే ఎలా లాక్కొచ్చాడో!"

"ఎవరు?"

"మీ ముత్తాత. ఈదొచ్చిన మనిషికి బూట్లు తడవలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు."

ఆవిడ రెండు వేళ్లతో పడవని పుటుక్కున ఊడబెరికి చేతిసంచిలో వేసుకుంది.

"అయ్యో, అది ఓడదండీ!"

"మునిగేటప్పుడు ఓడమీద లేదుగా, నాయనా. నేను తీసుకెళతాలే. మా ముత్తాత దీనికోసమే వెతికి ఉంటాడు."