ఎర్రమట్టి రుచి

చక్రపాణి చేసిన ద్రోహం చెబితే జనం నవ్వుతారని, సదయ్య మూడేళ్లుగా దాన్ని కడుపులోనే దాచుకున్నాడు.

చక్రపాణి జ్యోతినగర్‌లో ఉండే ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి, గోదావరి ఇవతలి ఒడ్డున రెండెకరాల నల్లరేగడి కొని ద్రాక్ష వేశాడు. ఆ పండ్లతో ఇంట్లోనే వైన్ చేసుకుంటాడు. సదయ్య ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో డంపర్ తోలుతాడు. నది అవతల, జైపూర్ దగ్గర అతనికి ఎకరంన్నర ఎర్రచెలక ఉంది.

"మందులు మానెయ్. ఆవు పేడ, వేపకషాయం చాలు. నీళ్లు కూడా ఎక్కువ పెట్టకు. తీగ దాహంతో ఉంటేనే ద్రాక్షలోకి సారం దిగుతుంది" అని చెప్పి, సదయ్య చేత రెండు వందల తీగలు పెట్టించింది చక్రపాణే.

ఎండ నలభై ఆరు దాటింది. చెప్పినట్టే తీగలన్నీ దాహంతో ఉన్నాయి. నూట నలభై దాహంతోనే చచ్చిపోయాయి.

రెండు వేల పన్నెండు ఎండాకాలానికి మిగిలినవి అరవై. అవి బతకాలంటే చెలకలో నీళ్ల కుంట తవ్వాలి. తవ్వడానికీ, మట్టి ఎత్తి పోయడానికీ కలిపి నలభై వేలు అడిగారు. సదయ్య దగ్గర అంత లేదు. కానీ ఇరవై రెండేళ్లు డంపర్ తోలిన మనిషికి ఒకటి మాత్రం తెలుసు. బొగ్గు మీది మట్టిని తీసి అవతల పారబోయడానికే కంపెనీ కోట్లు పోస్తుంది. మట్టి అంటే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవలసిన పీడ. ఆ పీడను చక్రపాణి నెత్తిన, చక్రపాణి ఖర్చుతోనే ఎత్తాలని పథకం వేశాడు.

బావమరిది జైపాల్ నాసిక్ నుంచి తెచ్చిన వైన్ సీసాను భార్య సారవ్వ బకెట్లో నానబెట్టింది. సదయ్య లేబుల్ గీకేసి, సీసా సంచిలో పెట్టుకుని జ్యోతినగర్ వెళ్లాడు.

"తీగలు ఎండకముందు గంపెడు కాసినయి సార్. మా ఆమె జాడీల పెట్టింది. ఒక్క గుక్క చూడుండ్రి."

చక్రపాణి గ్లాసు తిప్పాడు. వాసన చూశాడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు.

"నాది నల్లరేగడి సదయ్యా. నీళ్లు నిలుస్తాయి, పండు ఉబ్బుతుంది, రుచి పలచబడుతుంది. ఇదంతా నీ ఎర్రమట్టి గొప్పతనం. కొంచెం మట్టి అమ్ముతావా?"

"భూమి తల్లి అసొంటిది సార్. తల్లినెవరన్న అమ్ముకుంటరా?"

"పోనీలే. రేపు నీది ఏ షిఫ్టు?"

"నెలంత ఫస్ట్ షిఫ్టే సార్. పొద్దుగాల పోతే మాపటిదాక చెలక దిక్కు రాను. కావలి గూడ ఎవలు లేరు."

తిరిగి వస్తూనే సదయ్య చెలకలో ఐదు గుంటల మేర ముగ్గుతో గీత గీసి, 'ఇక్కడి మట్టి ముట్టరాదు' అని పలక పాతాడు. మరునాడు సాయంత్రం వచ్చి చూస్తే, గీత లోపల అడుగు లోతు మట్టి లేదు. గీత బయట ఒక్క పెళ్ల కదల్లేదు.

"దొంగ గింత సాపుగ తవ్వుతడా?" అంది సారవ్వ.

"ఇంజనీరు దొంగ. గట్లనే ఉంటది."

వారం తిరిగేసరికి గట్టు దగ్గర టిప్పర్ దిగబడిన గుర్తులు కనిపించాయి. సదయ్య ఆదివారమంతా వంచిన నడుము ఎత్తకుండా అక్కడ రాళ్లు పరిచాడు.

"దొంగకు బాట ఏస్తున్నవా? నీకేమన్న పిస లేసిందా?"

"మెల్లగ మాట్లాడు. బెదిరిపోతడు."

ఆరడుగుల దగ్గర దొంగతనం ఆగిపోయింది. నీటి జాడ లేదు. సదయ్య రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడో రోజు ఉండబట్టలేక జ్యోతినగర్ వెళ్లి, ఎండల గురించి కాసేపు మాట్లాడి, "పై మట్టిదేం రుచి సార్, అసలు సారం ఆరడుగుల కిందనే ఉంటదట" అని వదిలి వచ్చాడు. మరునాటి నుంచి తవ్వకం మళ్లీ మొదలైంది. తొమ్మిదో అడుగున ఊట పడింది. సదయ్య మొదటి బకెట్ తోడి, బతికున్న తీగల మొదట్లో తన చేత్తో పోశాడు.

ఇక మిగిలింది ఒక్కటే భయం. రేపు చక్రపాణి తవ్వకం కూలి అడిగితే? ఒక కాగితం రాయించుకుని మళ్లీ వెళ్లాడు.

"నా మట్టి ఎవలు ఎత్తుకపోయిండ్రో నాకెరుకే సార్. కేసు గీసు పెట్ట. నేను మట్టి పైసలు అడగ, మీరు తవ్విన కూలి అడగొద్దు. గీ కాయితం మీద సంతకం పెట్టుండ్రి."

చక్రపాణి చదవకుండానే సంతకం పెట్టాడు. సదయ్య చేత కూడా పెట్టించాడు. భార్య అరుణకుమారిని పిలిచి సాక్షి సంతకం చేయించాడు. తనకూ ఒక కాపీ కావాలని, అప్పటికప్పుడు ఆమె చేత రాయించి తీసుకున్నాడు. ఇంత అమాయకుడిని మోసం చేశానే అని సదయ్యకు కాస్త జాలి కూడా కలిగింది.

"కొత్త మట్టిలో మొదటి పంట. రుచి చూడు" అంటూ చక్రపాణి లేబుల్ గీకేసిన సీసాలోంచి గ్లాసు నింపి ఇచ్చాడు.

సదయ్య ఒక గుక్క తాగి ఉలిక్కిపడ్డాడు. అచ్చం నాసిక్ సీసా రుచే. మట్టి పోసి నెల కూడా కాలేదు. తను ఆడిన అబద్ధం భూమిలో పడి నిజమై మొలిచిందా? రెండో గుక్క నాలుక మీద నిలుపుకుని, నిజంగానే చేతులు జోడించాడు.

"మట్టిలనే ఉన్నది సార్ అంత."

"నేను మొదటి రోజే అన్నాను కదయ్యా" అన్నాడు చక్రపాణి.

అప్పుడే గేటు తీసుకుని, కొత్త కరెంటు ప్లాంటుకు రోడ్డు వేస్తున్న కాంట్రాక్టరు గుమాస్తా కొమురెల్లి లోపలికి వచ్చాడు. సంచిలోంచి నోట్ల కట్టలు తీసి చక్రపాణి ముందు పెట్టాడు.

"మీరు మాకమ్మిన జైపూర్ ఎర్రమట్టి పైసలు సార్. మూడు వందల పన్నెండు ట్రిప్పులు, ట్రిప్పుకు నాలుగు వందలు. లక్షా ఇరవై నాలుగు వేల ఎనిమిది వందలు, ఎంచుకోండ్రి."