మోగని అలారం

"సార్, ఎవరో పెద్దాయన వచ్చిండు. మన ఆక్సిజన్ మిషన్ గురించి మాట్లాడాల్నంట," అంది రిసెప్షన్‌లో కూర్చునే రవళి.

ప్రమోద్ విసుగ్గా తలెత్తాడు.

ఇళ్లలో రోగులు వాడే ఆక్సిజన్ మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. పంజాగుట్టలో ఓ మేడ మీద ఆఫీసు. మిషన్ లోపలుండే చిప్పుకు ప్రోగ్రాం రాసింది ప్రమోదే.

వచ్చినాయనకు అరవై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"సలాం సార్. నా పేరు గౌస్ మొహియుద్దీన్. బోరబండల ఉంట. టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేస్త."

"మాకు మెకానిక్‌లు అక్కర్లేదండీ."

"నౌకరీ కోసం రాలే సార్. గాలి ఆగితె మీ మిషన్ల అలారం మోగుతలేదు."

"మోగకపోవడమేంటి? గొట్టం మూసి, ఆన్ చేసి, అలారం మోగాకే ప్రతి మిషన్నీ బయటికి పంపుతాం."

"అట్ల చేస్తె మోగుతది సార్. నడుస్తుండంగ నడుమల మూస్కపోతెనే మోగదు."

గౌస్ కవరులోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. చిప్పులోని ఆదేశాలన్నీ పెన్సిల్‌తో, ముత్యాల్లాంటి అక్షరాలతో వరుసగా రాసి ఉన్నాయి.

ప్రమోద్ ముఖం మారిపోయింది.

"మా ప్రోగ్రాం మీకెలా వచ్చింది?"

"చిప్పులకెళ్లి తీసిన. మీరు తాళం వెయ్యలే. జర ఈడ చూడుండ్రి సార్. గాలి ఆగిందా లేదా అని ఆన్ చేసినప్పుడు ఒక్కసారే చూస్తున్నది. మల్ల చూస్తనే లేదు. మీరు గట్ల రాసి ఉండరు. కంపైలరే తీసేసినట్టున్నది."

ఆ చిప్పులో జాగా బాగా తక్కువ. రెండు నెలల క్రితం ప్రోగ్రాం అందులో పట్టకపోతే, రాసినదాన్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలర్‌కు కుదించమని చెప్పింది ప్రమోదే. పట్టింది. సంబరపడ్డాడు. ఏం తీసేసి కుదించిందో మాత్రం చూడలేదు.

ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు రాలేదు. కోపం వచ్చింది.

"ఏం చదివారు మీరు?"

"ఐటీఐ సార్."

పక్క బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ప్రమోద్ గొంతు పెంచాడు.

"అమీర్‌పేటలో రెండు నెలల కోర్సు చేసిన ప్రతివాడూ నాకు పాఠం చెప్పేవాడే! చిప్పు విప్పి ప్రోగ్రాం తీయడం దొంగతనం, తెలుసా? పోలీసుల్ని పిలవమంటారా?"

ఎవరో నవ్వారు.

గౌస్ కాగితాల అంచులు సరిచేసి బల్ల మీదే ఉంచాడు.

"పిల్వుండ్రి సార్, ఫికర్ లేదు. ఒక్కపారి చూడుండ్రి, గంతే."

మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ప్రమోద్ ఆ కాగితాలను చెత్తబుట్టలో పడేశాడు. సాయంత్రం రవళి వాటిని తీసి తన దగ్గర పెట్టుకుంది.

వారం తర్వాత ఓ నర్సింగ్ హోం నుంచి ఫోన్. మంచం కాలి కింద పడి గొట్టం నలిగిందట. మిషన్ కిక్కురుమనలేదట. నర్సు చూసింది కాబట్టి రోగి బతికాడట.

ప్రోగ్రాం రాసేటప్పుడు వాడే, తన బల్ల మీది బోర్డుతో ప్రమోద్ పరీక్షించాడు. అలారం శుభ్రంగా మోగింది. అందులో ఉన్నది పెద్ద చిప్పు, దేన్నీ కుదించే పని లేదు.

అమ్మే మిషన్ ఒకటి తెప్పించాడు. నడుస్తుండగా గొట్టం నొక్కి పట్టుకున్నాడు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. చప్పుడు లేదు.

కంపైలర్ తయారుచేసిన ఆదేశాల జాబితా తెరిచాడు. గాలి ఆగిందేమోనని చూడటం ఒక్కసారే. ఆ తర్వాత ఊరికే అక్కడే తిరగడం. ఆ విలువ ఎప్పటికీ మారదనుకుని కంపైలర్ మళ్లీ చూడటం మానేసింది. 'ఇది మారుతుంటుంది, ప్రతిసారీ చూడు' అని దానికి చెప్పే ఒక్క మాట రాయడం తనే మరిచిపోయాడు.

రవళి ఆ పెన్సిల్ కాగితాలు తెచ్చి పక్కన పెట్టింది. మూడో కాగితంలో సరిగ్గా ఆ చోటే సున్నా చుట్టి ఉంది.

ప్రమోద్ ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రోగ్రాం తెరిచాడు.

ఆ ఒక్క మాట చేర్చాడు. అమ్మిన మిషన్లన్నీ వెనక్కి రప్పించి సరిచేశారు.

"మన ప్రమోద్ పట్టుకున్నాడు!" అని మీటింగులో ఎం.డి. చప్పట్లు కొట్టించాడు.

నేను కాదు అనడానికి ప్రమోద్‌కు నోరు రాలేదు. చప్పట్లు ఆగేదాకా తల దించుకుని నిలబడ్డాడు. వెనక వరసలో రవళి ఒక్కతే చేతులు కట్టుకుని ఉంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు మధ్యాహ్నం బోరబండ వెళ్లాడు. టీవీలు బాగుచేసే గౌస్ భాయ్ అంటే ఇల్లు చూపించారు. ఆయన కూతురు మదీహా తలుపు తీసింది.

"అబ్బా నమాజుకు పోయిండు. మీరెవరు సార్?"

చెప్పాడు.

"ఆయన్ని అందరి ముందూ అవమానించానమ్మా. క్షమాపణ అడుగుదామని వచ్చాను."

"మిషన్లు బాగైనయా సార్?"

"అన్నీ బాగయ్యాయి."

"బస్, గంతే చాలు సార్. అబ్బాకు గదొక్కటే ఫికరుండె."

ప్రమోద్ వెనక్కి తిరగబోయి ఆగాడు.

"ఆ మిషన్ రిపేరుకని ఎవరైనా తెచ్చిచ్చారా?" అని అడిగాడు.

"లేదు సార్. గా మిషన్ మా అమ్మీది. నడుస్తుండంగనే గొట్టం మడతపడ్డది. మేం వంటింట్ల ఉన్నం, మాకు తెల్వలే."

మదీహా చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"అబ్బా మీ ఆఫీసుకు వచ్చిన దినం మా అమ్మీ పోయిన పదో దినం ఫాతెహా సార్, చుట్టాలందరిని ఇంట్ల కూసోబెట్టి మీ దగ్గరికి వచ్చిండు."