చప్పుడు లేని గంట

నేను గదిలో గిటార్ రికార్డు చేసే గంటసేపు ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. ఇది నేను పెట్టిన రూలు. మిగతా రోజంతా మా అమ్మకీ మా ఆవిడకీ మాటలు టీవీ రిమోట్ దగ్గర మొదలై పుట్టిళ్లదాకా వెళ్తాయి. ఆ గంట మాత్రం ఇద్దరూ నోటికి తాళం వేసుకుని హాల్లో కూర్చుంటారు.

ఇవాళ గిటార్ పాత తీగలు విప్పేసి, కొత్తవి కొనడానికి వెళ్లాను. నా రూలు గొప్పగా చెబితే కొట్టతను నవ్వాడు.

"ఎలక్ట్రిక్ గిటార్ కదా సార్. మైకు లేదు, వైరు తిన్నగా కంప్యూటర్లోకే వెళ్తుంది. పక్కన కొంపలంటుకున్నా మీ పాటలోకి చప్పుడు రాదు."

పరుగున ఇంటికొచ్చి శుభవార్త చెప్పాను. "ఇకనుంచి మీరు ధారాళంగా మాట్లాడుకోవచ్చు!"

అమ్మా, మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొట్టువాడికేం తెలుసురా? నువ్వెళ్లి వాయించుకో," అంది అమ్మ.

"అవునండీ. అత్తయ్య చెప్పిందే నిజం," అంది మా ఆవిడ.

ఆ మాట మా పెళ్లయ్యాక ఇదే వినడం.

లోపలికెళ్లి తలుపేసుకున్నాక గుర్తొచ్చింది, కొత్త తీగలు కొట్టులోనే మర్చిపోయానని. తీగల్లేని గిటార్ ఒళ్లో పెట్టుకుని గంటసేపు అలాగే కూర్చున్నాను. హాల్లో ఎవరైనా కిక్కురుమంటే ఒట్టు.

తలుపు తీయగానే మా ఆవిడ అడిగింది. "ఎలా వచ్చిందండీ?"

"ఇంత బాగా ఎప్పుడూ రాలేదు," అన్నాను. "ఒక్క చప్పుడు కూడా లేదు."