మేక ఒళ్లు విదిలిస్తేనే

చెంబెడు నీళ్లు నెత్తిన పోసినా మేక కదలలేదు. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు తల వంచుకుని నిలబడింది.

పెద్దలకు ఇచ్చే మేక అది. మీద నీళ్లు పడగానే ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే పోయినవాళ్లు ఒప్పుకున్నట్టు. లేదంటే కత్తి ఎత్తడానికి లేదు. ఖానాపూర్ చుట్టుపక్కల ఎంతటి మొనగాడైనా ఆ కట్టుబాటు దాటడు.

"ఇంకిన్ని పొయ్యి తమ్మీ," అంది యాదవ్వ. ఆమె తమ్ముడు పర్శరాములు మళ్లీ పోశాడు. మేక చెవి కూడా ఆడించలేదు.

అంతయ్యకు ఆ గొడవేదీ పట్టలేదు. అరుగు మీద కూతురు బాలలక్ష్మి చలిజ్వరంతో వణుకుతోంది. మంచం కోళ్లు టకటకమంటున్నాయి. మలేరియావాళ్లు వచ్చి గోడలకు మందు కొట్టిపోయారు, గోళీలూ ఇచ్చిపోయారు. వణుకు మాత్రం పోలేదు. ఈ జ్వరం ఆ వాడలో ఎవరెవరి పిల్లల్ని ఎత్తుకుపోయిందో అంతయ్యకు తెలుసు. తన బిడ్డను పోనివ్వడు. పక్కన కూర్చుని ఒళ్లోకి తీసుకున్నాడు.

"బయపడకు బిడ్డా. నేనున్న గదా," అన్నాడు చెవిలో.

పిల్ల పళ్లు ఇంకా గట్టిగా కొట్టుకున్నాయి. అతను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. తండ్రి ప్రాణం, అంతకంటే ఏం తోస్తుంది?

"అవ్వా, సలి..." అంది బాలలక్ష్మి.

తల్లి యాదవ్వ ఇంకో గొంగడి తెచ్చి కప్పింది. పక్కింటి శంకరవ్వ మూతి విరిచింది. "గొంగళ్లతోని పోయే సలి గాదే ఇది. పోరిని ఎవలో ఇడుస్తలేరు."

అంతయ్యకు ఒళ్లు మండింది. ముసలిదానికి నోటికెంత వస్తే అంత!

"గీ ఇంటి మొగోళ్లంత మొండోళ్లే," విసుక్కున్నాడు పర్శరాములు. అది మాత్రం నిజం. అంతయ్య తండ్రి హనుమండ్లు బతికినన్నాళ్లూ దేనికీ ఒక్క మాటకు ఒప్పుకోలేదు.

యాదవ్వ మేక ముందు కూలబడింది. "నీ కాల్మొక్త. ఏం తక్కువ జేసిన్నో చెప్పు, చేస్త. పొల్లను మాత్రం ఇడిసిపెట్టు. నాకు గిదొక్కతే ఉన్నది."

యాదవ్వ ఏడిస్తే అంతయ్య ఏనాడూ చూడలేకపోయాడు. బిడ్డ వైపు చూశాడు. తన చెయ్యి ఆనిన చోటల్లా ఆ లేత చర్మం మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

మెల్లగా చేతులు తీసేశాడు. మంచం చప్పుడు ఆగింది. బాలలక్ష్మి గొంగడి తన్నేసి పక్కకు తిరిగి పడుకుంది. ఆ మొహాన్ని కళ్లారా చూసుకుని, అరుగు దిగి, మేక వీపు మీద చెయ్యి వేశాడు.

మేక కొమ్ముల నుంచి తోక దాకా జలదరించి ఒళ్లు విదిలించింది. "ఒప్పుకున్నడక్కా, బావ ఒప్పుకున్నడు!" అని పర్శరాములు కేక వేస్తే, పోయిన వానాకాలం ఇదే చలిజ్వరంతో కన్నుమూసిన మొగుడు అంతయ్యను తలుచుకుని యాదవ్వ నేల మీద పడి మొక్కింది.